మోకాళ్ల బండి బ్రేకు

మర్రిగూడ,
14 నవంబరు 2022

దశరథ్ మామకు, నీ మేనల్లుడు డానియల్ రాసేది.

మేమంతా ఉన్నాం. బాగున్నామని రాద్దామనుకున్నాను గానీ ఓపిక లేక ఉన్నాం దగ్గరే ఆపేశాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా నా మాట సగంలో ఉండగానే "ఆఁ, మంచిది, మంచిది" అని పెట్టేస్తావు. నీ డబ్బా ఫోనులో వాట్సాప్ కూడా లేదు. అమ్మే అంది, "మామకు కాయిదం రాయిరా, కాయిదం జూస్తె వాడు జవాబియ్యకుంట ఉండలేడు" అని.

సంగతి నా బండి గురించి. మా సంస్థకు బయటి దేశం దాతలు ఒక ట్రైలర్ ఇచ్చారు. లోపల మంచం, కాళ్లకు వ్యాయామం చేయించే సామాను ఉంటాయి. ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయిన ముసలివాళ్ల దగ్గరికి దాన్ని ఊరూరా తిప్పుతాం. జనం దాన్ని మోకాళ్ల బండి అంటారు. ముందు పికప్ నేను నడుపుతాను, పక్కన మెర్సీ కూర్చుంటుంది. ఊళ్లో దిగాక వ్యాయామాలు చేయించేది ఆమే. ఆలుమగలిద్దరి జీతమూ ఈ ఒక్క బండి మీదే.

ఆ ట్రైలర్ చక్రాల్లో కరెంటు బ్రేకులున్నాయి. నేను పెడల్ తొక్కితే స్టీరింగు కింద బిగించిన చిన్న డబ్బా వెనక్కి కరెంటు పంపాలి, ట్రైలర్ తన బరువు తానే ఆపుకోవాలి. ఎప్పుడో ఒకసారి పట్టుకుంటుంది, చాలాసార్లు పట్టుకోదు. నేను ఆగుతాను, అది ఆగదు, వెనకనుంచి తోస్తుంది. చదునులో ఎలాగో నెట్టుకొస్తున్నాను. గుట్ట మీది తండా నుంచి దిగేటప్పుడు మాత్రం మెర్సీ కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది, నేను కళ్లు తెరుచుకొని చేస్తాను.

నల్లగొండలో ఇద్దరికి చూపించాను. ఇద్దరూ డబ్బాను అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది చూడలేదని చేతులెత్తేశారు. ట్రైలర్ నుంచి వచ్చే తీగల్లో ఒక నల్లదాన్నీ ఒక తెల్లదాన్నీ పికప్ వైపు ఎవరూ కలపలేదు, టేపు చుట్టి వదిలేశారు. లోపలి లైట్ల కోసం ట్రైలర్‌కు సొంత బ్యాటరీ ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలో లారీల వైరింగ్ అంతా నీ చేతుల మీద నడిచింది కదా. ఒకసారి వచ్చి చూడరాదా?

నీ అల్లుడు,
డానియల్


మేళ్లచెరువు,
22 నవంబరు 2022

అల్లుడు డానియల్‌కు దీవెనలు.

నీ ఉత్తరం ఇచ్చేటప్పుడు పోస్టుమాన్ పేరు చూసి, నన్ను చూసి, మళ్లీ పేరు చూశాడు. మీ అత్త పోయాక ఈ ఇంటికి కరెంటు బిల్లు తప్ప కాగితం రాలేదు. మా అమ్మాయి రూప మిర్యాలగూడ నుంచి నెలకోసారి వచ్చి బియ్యం డబ్బా మూత తీసి చూసి పోతుంది. తిన్నానో లేదో నన్ను అడగడం కంటే డబ్బాను అడగడం నయమని దాని నమ్మకం.

నువ్వు చెప్పిన డబ్బాను నేనూ చూడలేదు. అయినా కరెంటు అన్ని దేశాల్లో కరెంటే. పోయింది తిరిగి రావాలి. తిరిగి వచ్చే దారినే మేం ఎర్తు అంటాం. ఒకసారి పట్టుకొని ఇంకోసారి వదిలేస్తోందంటే ఎర్తు సరిగ్గా లేదని అర్థం. నల్ల తీగ ఎర్తు. మన దగ్గర ఏ లారీ విప్పినా నలుపే ఎర్తు. దాన్ని తీసి పికప్ చాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి, బిగించు. బిగించే చోట తుప్పు గీకి ఇనుము మెరిసేలా చెయ్యి. తెల్లదాని జోలికి పోకు.

రావడం ఇప్పట్లో కుదరదు. మా కాలనీలో ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకే సరిగ్గా మాట్లాడలేను. ఏదైనా రాసే అడుగు. నీకు కనబడింది రాయి, వినబడింది రాయకు. శబ్దాలు నమ్మి బండి బాగు చేసినవాడు లేడు.

మీ అమ్మను, ఈదమ్మక్కను, అడిగానని చెప్పు. ఊరందరి మోకాళ్లూ చూసే బండి ఇంటిముందే ఉంది, ఆమె కాళ్లు కూడా ఎవరైనా చూస్తున్నారా?

ఇట్లు,
దశరథ్


మర్రిగూడ,
3 డిసెంబరు 2022

మామకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇనుము అద్దంలా మెరిసేదాకా గీకి నల్ల తీగ బిగించాను. టప్‌మని మెరుపు వచ్చింది, ఫ్యూజు పోయింది, తీగ మీది తొడుగు కరిగి పొగలేచింది. మెర్సీ బకెట్ నీళ్లతో పరుగెత్తుకొచ్చింది. కరెంటు మీద నీళ్లు పోయొద్దని ఆమె మీద అరిచాను. ఇంతకుముందు బ్రేకు ఒక్కటే లేదు. ఇప్పుడు లోపల లైటు కూడా లేదు.

వెంటనే నీకు ఫోన్ చేశాను. ఎత్తావు. "మామా, పొగొచ్చింది, తీగ కాలింది" అంటే "మంచిది, మంచిది" అన్నావు. కాలిపోయిందంటే మంచిదేమిటి మామా? నా బండి కాలితే నీకు అంత సంతోషమా అని ఒక క్షణం అనిపించింది. అమ్మకు చెబితే వాడు తొందరలో ఉన్నాడేమో అని సర్దింది.

మా ఆఫీసులో ఈ బండి చూసుకునే భాగ్యశ్రీ మేడమ్ జనవరి ఆఖరు దాకా గడువిచ్చారు. అప్పటికీ బ్రేకు కుదరకపోతే ట్రైలర్ వేరే జిల్లాకు పోతుంది. దాంతో మా పని కూడా పోతుంది. ఆమెను అనడానికి లేదు, బ్రేకు లేని బండిలో మనుషుల్ని ఎలా పంపుతుంది? మా చిన్నపాప పుట్టి ఏడో నెల నడుస్తోంది. మెర్సీ దాన్ని అమ్మకు అప్పగించి బండెక్కుతోంది. నాకు అలసటగా ఉంది మామా. రాత్రి పడుకున్నా కాలు పెడల్ మీదే ఉన్నట్టుంటుంది.

డానియల్


మేళ్లచెరువు,
10 డిసెంబరు 2022

అల్లుడికి,

తప్పు నాదే.

కూర్చొని ఆలోచించాను. తీగను చాసిస్‌కు తగిలించగానే మెరుపు వచ్చిందంటే అది ఎర్తు కాదు, బ్యాటరీ నుంచి నిండుగా కరెంటు మోసుకొచ్చే తీగ. ఆ దేశం వాళ్లు నలుపును కరెంటుకు వాడుకున్నారు. నేను ఇన్నేళ్లూ నలుపంటే ఎర్తేనని కళ్లు మూసుకొని చెప్పే అలవాటులో నీకూ చెప్పేశాను. మనుషులు మారితే రంగులకు అర్థాలు మారతాయని తట్టలేదు.

ఇప్పుడు నా మాట కూడా నమ్మకు, బల్బును నమ్ము. ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టు. కాలిన తీగ కోసేసి కొత్తది వెయ్యి, ఫ్యూజు మార్చు, నల్లదాని కొనకు టేపు చుట్టి విడిగా పెట్టు. బల్బు ఒక తీగను ట్రైలర్ బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, రెండోదాన్ని తెల్ల తీగకు ఆనించు. వెలిగితే తెల్లదే ఎర్తు. దాన్ని పికప్ చాసిస్‌కు బిగించు. అది ట్రైలర్ వైపు ఎక్కడ బిగించి ఉందో కూడా కళ్లతో చూసుకో.

ఫోన్‌లో ఏదో పరధ్యానంలో అన్నాను. మనసులో పెట్టుకోకు. మెర్సీతో కూడా చెప్పు, నీళ్ల బకెట్ కంటే ఇసుక బకెట్ మంచిదని.

దశరథ్


మర్రిగూడ,
29 డిసెంబరు 2022

దశరథ్ మామకు క్రిస్మస్ శుభాకాంక్షలు. ఆలస్యమైంది గానీ కొత్త సంవత్సరానికైనా అందుతుంది.

తెల్లదే ఎర్తు. బల్బు వెలిగింది, బిగించాను, పెడల్ తొక్కితే ట్రైలర్ ఉన్నచోటే పట్టుకుంది. నాలుగైదు రోజులు చదును ఊళ్లకు తిప్పాను, ఒక్కసారి కూడా తోయలేదు. మెర్సీ నీకు థాంక్స్ చెప్పమంది. తర్వాత పండగ సెలవులిచ్చారు. మా సంగతి నీకు తెలుసు కదా, క్రిస్మస్ వస్తే గేటు నుంచి కోళ్లగూడు దాకా రంగు పడాల్సిందే. ఈసారి ట్రైలర్ ముందు భాగం కూడా ఊడదీసి, తుప్పు తీసి, నీలం రంగు రెండు పూతలు వేశాను. బండిని తగిలించే ఇనుప గుండుకు గ్రీజు పట్టించాను. ఇప్పుడు చూస్తే కొత్త బండిలా ఉంది.

అసలు సంగతి. జనవరి ఎనిమిది, ఆదివారం, చిన్నదాన్ని మందిరంలో దేవునికి సమర్పించి ప్రతిష్ఠిస్తున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, తర్వాత ఇంటి దగ్గర భోజనాలు. మేనమామవు నువ్వు లేకపోతే అమ్మ తరఫున పెద్దమనిషే ఉండడు. "వాడొస్తె నా పుట్టింటోళ్లు వచ్చినట్టేరా" అని అమ్మ రోజూ అంటోంది. తప్పకుండా రావాలి.

డానియల్, మెర్సీ


మేళ్లచెరువు,
14 జనవరి 2023

అల్లుడికి,

రాలేకపోయాను. నడుము నొప్పి. బస్సులు కూడా సరిగ్గా లేవు. చిన్నదానికి నా దీవెనలు. అక్క ఏమీ అనుకోవద్దని చెప్పు.

బ్రేకు పనిచేస్తోందని సంతోషం.

దశరథ్


మర్రిగూడ,
20 జనవరి 2023

మామకు,

బ్రేకు పనిచేయడం లేదు. నీ సంతోషం నీ దగ్గరే ఉంచుకో.

సెలవులయ్యాక మళ్లీ తండాకు పోయాం. బయలుదేరే ముందు ఇంటి దగ్గర తొక్కి చూశాను, బాగా పట్టుకుంది. తిరిగి గుట్ట దిగుతున్నప్పుడు రెండో మలుపు దగ్గర తొక్కాను. పట్టుకోలేదు. ట్రైలర్ వెనకనుంచి ఆనుకొని తోయడం మొదలుపెట్టింది. ఎంత తొక్కితే అంత తోసింది. పక్కన లోయ ఉందని స్టీరింగు ఇటు తిప్పి కంకర కుప్పలోకి ఎక్కించాను. మెర్సీ నుదురు అద్దానికి కొట్టుకుంది. దేవరకొండ దవాఖానలో కుట్లు వేశారు. తీసుకెళ్తుంటే దారిలో ఒక్క మాటే అంది, "చిన్నది ఇంట్ల ఉన్నది, అదే నయం."

చిత్రమేమిటంటే, బండి లాగి చదునులో నిలబెట్టి తొక్కితే మళ్లీ పట్టుకుంది. ఆపాల్సిన చోట వదిలేసి, అక్కర్లేని చోట ఆపుతోంది.

ఆ రోజు దవాఖాన ముందు కూర్చొని నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ఒక్కసారి ఎత్తి "ఆఁ, అందరు మంచిగున్నరు గదా" అని పెట్టేశావు. ఐదు నిమిషాలు మాట్లాడితే తేలిపోయే పనికి రెండు నెలలుగా పోస్టు డబ్బా చుట్టూ తిరుగుతున్నాను. నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మేం మందిరానికి పోవడం నీకు మొదటినుంచీ ఇష్టం లేదు. అందుకే చిన్నదాని ప్రార్థనకు నడుము నొప్పి వచ్చింది. అమ్మ ఆ రోజు చీకటి పడేదాకా గేటు దగ్గరే ఉంది. మాతో సంబంధం వద్దనుకుంటే వద్దని రాయి. ఎర్తు గురించి రాయకు.

ఇంకో పది రోజుల్లో ట్రైలర్ తీసుకుపోతారు.

డానియల్


మేళ్లచెరువు,
24 జనవరి 2023

డానియల్,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. మర్రిగూడ మీదుగా సిమెంటు లోడు తీసుకుపోయే ఐలేశం చేతికిస్తున్నాను, రేపటికి అందుతుంది. ముందు బ్రేకు సంగతి, తర్వాత నా సంగతి. ముందుది చేసి తర్వాతిది చదువు.

క్రిస్మస్‌కు ట్రైలర్ ముందు భాగం ఊడదీసి రంగు వేశానన్నావు. తెల్ల తీగను బిగించిన బోల్టు అక్కడే ఉండాలి. దాన్ని విప్పి, రంగేసి, రంగు మీదే మళ్లీ బిగించి ఉంటావు. రంగులోంచి కరెంటు పోదు. మరి చదునులో ఎలా పనిచేస్తోందంటావా? బండి తగిలించే ఇనుప గుండు మీదుగా పోతోంది. ట్రైలర్ వెనక్కి లాగుతున్నంతసేపు ఇనుముకు ఇనుము ఆనుకొని ఉంటుంది. దిగుడులో అది ముందుకు తోసుకొస్తుంది, ఆనే చోటు మారుతుంది, మధ్యలో గ్రీజు ఉంది. సరిగ్గా అప్పుడే దారి తెగుతుంది. నవంబరులో ఎప్పుడో ఒకసారి పట్టుకునేదన్నావే, అదీ ఇదే. బోల్టు విప్పి రంగంతా గీకెయ్యి. మెర్సీని ఎక్కించుకోకుండా, ఖాళీ బండితో, చిన్న దిగుడులో చూడు.

ఇక నా సంగతి.

నాకు చెవులు పోయాయి. కొంచెం కాదు, పూర్తిగా. మా షెడ్డు రాళ్లు పిండి చేసే క్రషర్ పక్కనే ఉండేది. ముందు గువ్వల అరుపు పోయింది, తర్వాత కుక్కరు కూత పోయింది, తర్వాత మనుషులు పోయారు. మీ అత్త కృష్ణమ్మ ఉన్నన్నాళ్లూ ఎవరేం అన్నా నా మోచెయ్యి తట్టి, ముఖం నా వైపు తిప్పుకొని చెప్పేది. ఆమె పెదవులు నాకు అలవాటు. అందుకే ఎవరికీ తెలియలేదు, రూపకు కూడా. ఆమె పోయాక చెప్పడానికి సిగ్గేసింది. చెవిటివాడి దగ్గర మనుషులు ముందు గట్టిగా మాట్లాడతారు, తర్వాత నవ్వుతారు, తర్వాత మాట్లాడడమే మానేస్తారు. ఫ్యాక్టరీలో చూశాను. ఫోన్ వణికితే ఎత్తి, మనుషులు సాధారణంగా ఏమంటారో ఊహించుకొని మంచిది అంటాను. నువ్వు పొగ అన్నావో, నెత్తురన్నావో నాకెలా తెలుస్తుంది?

మందిరానికీ నాకూ గొడవ లేదు. నేను గుడికి పోయిందీ లేదు, మీ పాస్టరుతో తగువు పడిందీ లేదు. ఎనిమిదో తారీకున బయలుదేరాను. చిన్నదానికి గౌను కొన్నాను, గులాబీ రంగుది. నల్లగొండ బస్టాండులో మర్రిగూడ బస్సు ఎక్కడ ఆగుతుందని ఒకతన్ని అడిగాను. అతను ఏదో చెప్పాడు. తల ఊపాను. ఇంకొకరిని అడిగాను. వాళ్లూ చెప్పారు. తల ఊపాను. అందరూ మంచివాళ్లే, అందరూ చెప్పారు. మైకులో కూడా చెప్పే ఉంటారు. మర్రిగూడ అని బోర్డున్న బస్సు ఒక్కటీ కనబడలేదు. బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చొని, బోర్డు చదవగలిగిన హుజూర్‌నగర్ బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. నడుము నొప్పి అని రాశాను.

మెర్సీ నుదుటికి కుట్లు పడడానికి నేనే కారణం. చెవులున్నవాడినని నటించకపోతే నువ్వు వేరే ఎవరినైనా వెతుక్కునేవాడివి. నన్ను ఎంతైనా తిట్టు, రాసి తిట్టు. అక్కకు మాత్రం నా చెవుల మాట చెప్పకు.

దశరథ్


మర్రిగూడ,
1 ఫిబ్రవరి 2023

మామకు,

ఐలేశం ఉత్తరం తెచ్చి చేతికిచ్చాడు. నువ్వు చెప్పిన వరస తప్పి, నీ సంగతే ముందు చదివాను. చాలాసేపు బయటికి పోలేకపోయాను. ఇన్నాళ్లుగా నేను నీకు రాసినవన్నీ గుర్తొచ్చాయి. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బోల్టు కింద నీలం రంగు దట్టంగా ఉంది. ఎంత శుభ్రంగా వేశానో అప్పుడు చూసుకున్నాను. మొత్తం గీకేశాను. మెర్సీని దింపి, ముందు చిన్న దిగుడులో, తర్వాత తండా గుట్ట మీద, ఖాళీ బండితో చూశాను. రెండో మలుపు దగ్గర తొక్కాను. ఆగింది. అక్కడే బండి దిగి రాయి మీద కూర్చొని ఏడ్చాను, ఎవరూ చూడలేదు. మరునాడు భాగ్యశ్రీ మేడమ్ తానే బండెక్కి కూర్చొని గుట్ట దిగి చూసింది. ట్రైలర్ ఇక్కడే ఉంటుంది.

శనివారం నేను పికప్ తీసుకొని వస్తున్నాను. నల్లగొండ బస్టాండు మొహం నువ్వు చూడక్కర్లేదు. తలుపు కొట్టను, కిటికీకి ఎదురుగా నిలబడతాను, అటు చూస్తూ ఉండు. గౌను మర్చిపోకు. చిన్నది పెరుగుతోంది, ఇంకో నెలైతే పట్టదు.

అమ్మకు ఏమీ చెప్పలేదు.

డానియల్


మేళ్లచెరువు,
20 ఫిబ్రవరి 2023

అల్లుడికి, మెర్సీకి దీవెనలు.

నన్ను దింపి నువ్వు తిరిగి వెళ్లిన రాత్రి సరిగ్గా చేరావని రాశావు, సంతోషం. మీ దగ్గర ఉన్న వారం రోజులూ కడుపు నిండా తిన్నాను. గౌను బిగుతైనా చిన్నది విప్పనివ్వకపోవడం నాకు ఇంకా కళ్లముందే ఉంది. తండా గుట్ట దిగుతుంటే నువ్వు బ్రేకు తొక్కినప్పుడు ట్రైలర్ వెనకనుంచి మెల్లగా పట్టి ఆపడం నా నడుముకు తెలిసింది. ఉద్యోగం మానేశాక నా చేత ఒక పని అయిందని ఆ రోజు అనుకున్నాను.

ఒక సంగతి అడగాలి. వచ్చే ముందు రోజు సాయంత్రం అక్క ట్రైలర్ మెట్టు మీద కూర్చొని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా చెయ్యి పట్టుకొని చాలాసేపు మాట్లాడింది. తల వంచుకొని మాట్లాడింది, పెదవులు కనబడలేదు. మధ్యలో ఏడ్చింది. ఆగి నా ముఖం చూసినప్పుడల్లా నేను తల ఊపాను. చివరికి నవ్వి, కొంగుతో నా ముఖం తుడిచింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నేను దేనికి తల ఊపానో నాకు తెలియాలి. ఆమెకు అనుమానం రాకుండా అడిగి రాయి.

మామ,
దశరథ్


మర్రిగూడ,
27 ఫిబ్రవరి 2023

మామకు,

అడిగాను. అనుమానం ఏమీ రాలేదు, తనే సంతోషంగా చెప్పింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నేను జెప్పిన వానికి. కిష్టమ్మ పోయినంక నువ్వు మన్షిలెక్క లేవురా తమ్మీ. గా క్వార్టరుల గోడలు జూసుకుంట ఎన్నొద్దులుంటవు? ఈడికే వచ్చెయ్. ఇంత ఉంటె ఇంత తిందాం, ముసల్తనంల ఒకల మొకం ఒకలం జూస్కుంట కూసుందాం అన్న. సరే అని తలకాయూపిండు. నిజంగనే వస్తవారా అన్న. మల్ల ఊపిండు. బిడ్డ మీద ఒట్టా అన్న. దానికీ ఊపిండు."

నీ కోసం ముందు గదిలోని పత్తి సంచులు బయటికి తీసేశాం. సున్నం వేయడం నిన్నటితో అయిపోయింది. కిటికీ వాకిలికి ఎదురుగా ఉంది, వచ్చేపోయేవాళ్లు కనబడతారు. ట్రైలర్ కూడా అక్కడికే కనబడుతుంది. మెర్సీ నీకు మంచం కొంది. ఇంటి చుట్టుపక్కల వాళ్లందరికీ అమ్మ మా తమ్ముడు వచ్చేస్తున్నాడని చెప్పేసింది.

నీ చెవుల సంగతి నేను చెప్పలేదు, మాట తప్పలేదు. తల ఊపింది వినబడకనే అని చెప్పాలన్నా, రానని చెప్పాలన్నా, ఆ ఉత్తరం నాకు రాయకు. నేను చదివి వినిపించను. అమ్మకు అక్షరం రాదు. నువ్వే వచ్చి, ఆమె ఎదురుగా కూర్చొని చెప్పాలి.

నీ అల్లుడు,
డానియల్